బండి ఆగిపోయిన మంగళవారం

గున్నమ్మకు ప్రయాణాలు కొత్త కాదు. పదహారో ఏట నుంచీ చేపలగంప నెత్తిన పెట్టుకుని రైళ్ళూ బస్సులూ ఎక్కిన మనిషి. పలాస అవతల సముద్రపొడ్డు పల్లె ఆమెది. నలభై ఏడేళ్ళు వచ్చేసరికి చుట్టుపక్కల సంతల దారులన్నీ ఆమె అరికాళ్ళకు తెలుసు. అందుకే తమ్ముడు కూర్మయ్యకు మూత్రపిండాలు పాడై, వారానికి రెండుసార్లు విశాఖపట్నం పెద్దాసుపత్రిలో మిషను మీద రక్తం శుభ్రం చేయించాలన్నప్పుడు, ఎవరు తీసుకెళ్ళాలన్న మాటే రాలేదు. అతని భార్యకు చంకలో ఒకటి, కడుపులో ఒకటి. "నానున్నాను గదా" అంది గున్నమ్మ. ప్రతి మంగళవారం, శుక్రవారం. ఏడు నెలలపాటు ఒక్క వాయిదా తప్పలేదు.

2013 అక్టోబరులో తప్పింది. రాష్ట్రం విడిపోతోందని ఊళ్ళన్నీ అట్టుడికిపోతున్న రోజులవి. బస్సులు ఆగస్టులోనే ఆగిపోయాయి. శుక్రవారం బంద్‌లో పలాస దాకా రావడానికి కూడా ఆటో దొరకలేదు. ఆదివారానికి కూర్మయ్య ముఖం ఉబ్బి కళ్ళు పూడుకుపోయాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు చేరబడి కునుకుతున్నాడు. కరెంటువాళ్ళు కూడా సమ్మెకు దిగారని, రైళ్ళు నడిచేదీ లేనిదీ తెలియదని చెప్పుకుంటున్నారు. అయినా మంగళవారం వేకువన అక్కాతమ్ముళ్ళు పాసింజరెక్కారు. దొరికిన బండి అదొక్కటే.

అది చీపురుపల్లి దాకా వచ్చి ఆగింది.

అరగంట గడిచింది, గంట గడిచింది. పంకాలు ఆగిపోయాయి. గార్డు పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చి, "కరెంటు లేదు, విజయనగరంలో కర్ఫ్యూ. ఎప్పుడు కదులుతాదో సెప్పలేం" అనేసి వెళ్ళిపోయాడు. పెట్టెలో జనం గోలగోలగా దిగిపోసాగారు. కూర్మయ్య కిటికీ ఊచ పట్టుకుని నోటితో గాలి పీలుస్తున్నాడు.

"అప్పా, ఇంటికెలిపోదుం" అన్నాడు అక్కతో.

"ఇంటికి మాత్రం బండేదిరా?" అంది గున్నమ్మ.

వారం రోజులు మిషను ఎక్కకపోతే ఏమవుతుందో ఆమె కళ్ళారా చూసింది. వార్డులో పక్క మంచం మీద మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూనే వాలిపోయాడు. కానీ తన ముఖంలో భయం కనిపిస్తే వీడు ఇక్కడే వాలిపోతాడని అనిపించింది. చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి, తమ్ముడి చేయి భుజం మీద వేసుకుని, మెల్లగా మెట్లు దింపింది.

అంబులెన్సుకు మూడుసార్లు ఫోన్ చేసింది. కలవలేదు. ఛార్జింగు రెండు గీతలే ఉందని చూసుకుని ఫోను కట్టేసింది. స్టేషను బయట ముగ్గురు ఆటోవాళ్ళను అడిగింది. రోడ్ల మీద టైర్లు కాలుస్తున్నారని, బండి అద్దాలు పగలగొడతారని ముగ్గురూ తల అడ్డంగా ఊపారు. ఒకతను మాత్రం జాలిపడి, "ఇక్కడే ప్రైవేటు డాక్టరు ఉన్నాడమ్మా" అన్నాడు. "ఆ డాక్టరు దగ్గర మిషను నేదు బాబూ" అంది గున్నమ్మ.

తమ్ముణ్ణి టీ బడ్డీ బల్ల మీద కూర్చోబెట్టి నాలుగు వైపులా చూసింది. ఎదురుగా పెట్రోలు బంకులో ఒక చిన్న వ్యానులోకి డీజిలు క్యాన్లు ఎక్కిస్తున్నారు. పది, పన్నెండు క్యాన్లు. ఊళ్ళో బళ్ళన్నీ మూలపడి ఉంటే ఇంత డీజిలు ఎవరికి? ఒక్క క్షణంలో ఆమెకు తట్టింది. కరెంటు లేకపోతే సముద్రపొడ్డున రొయ్యపిల్లల తొట్లకు గాలి కొట్టే మోటార్లు ఆగిపోతాయి. జనరేటరు తిరగకపోతే రొయ్యపిల్లంతా పూటలో చచ్చిపోతుంది. అంటే ఈ వ్యాను ఎలాగైనా తీరానికి చేరాల్సిందే. తీరంలో కోనాడ ఉంది. కోనాడలో దానమ్మ ఉంది. ఎండుచేపల బేరంలో పదేళ్ళుగా రాజాం సంతలో పక్కపక్కనే కూర్చునే దానమ్మ. ఆమె అల్లుడికి ఇంజను పడవ ఉంది. విశాఖపట్నం చేపలరేవు నుంచి పెద్దాసుపత్రి ఎంతో దూరం కాదు.

రోడ్డు లేకపోతే నీళ్ళున్నాయి కదా!

వ్యాను డ్రైవరు పేరు నరసింగరావు. కోనాడ దాకా ఎక్కించుకోమంటే ముందు వినలేదు. "డీజిలు బండి అమ్మా, మనుసుల్ని ఎక్కించకూడదు. దారిలో ఆపితే నాకే దిక్కు నేదు" అన్నాడు.

"దారిలో ఆపితే నాను దిగి మాటాడతాను. నీకు ఆడమనిషి తోడుంటే మంచిదే గదా" అంది గున్నమ్మ.

అతను కూర్మయ్య వైపు చూశాడు. ముందు తలుపు తీశాడు.

లావేరు దాటి సుభద్రాపురం దగ్గర పెద్ద రోడ్డు ఎక్కేచోట అన్నంత పనీ అయింది. కాలుతున్న టైర్ల పొగ మధ్య ముప్పైమంది దాకా వ్యానును చుట్టుముట్టారు. ఒకడు బానెట్టు మీద కర్రతో కొట్టాడు. నరసింగరావు ఇంజను ఆపేశాడు. గున్నమ్మ దిగింది. అరవలేదు, ఏడవలేదు, దండం పెట్టలేదు. కూర్మయ్య కూర్చున్న వైపు తలుపు తీసి, అతని పంచె మోకాలి దాకా పైకెత్తి, ఉబ్బిన కాలి మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసింది. పిండిలో వేలు దిగినట్టు గుంట పడింది. అది పూడలేదు.

"సూడండి బాబూ. ఒళ్ళంతా నీరే. వారం అయిపోనాది మిషనెక్కి. ఈ పూట ఎక్కకపోతే రేపు ఉండడు. మీ పోరాటం మీరు సెయ్యండి, నాను కాదనను. ఈడొక్కడికి దారియ్యండి."

కర్ర పట్టుకున్నవాడు ఆ గుంట వైపే చూస్తూ నిలబడిపోయాడు. తర్వాత తనే టైర్లను కాలితో పక్కకు తోశాడు. ఎవరో పరుగెత్తుకెళ్ళి చల్లటి కొబ్బరిబొండం కొట్టి తెచ్చి కూర్మయ్య చేతికి ఇవ్వబోయారు. రోజుకు రెండు గ్లాసుల నీళ్ళతో సరిపెట్టుకుంటున్న మనిషి. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. చేతులు వాటంతటవే ముందుకు వెళ్ళాయి. గున్నమ్మ ఆ బొండాన్ని మధ్యలోనే అందుకుంది.

"వద్దురా. కిడ్నీ పోనోడికి కొబ్బరినీళ్ళు ఇసమని నర్సమ్మ సెప్పినాది గదా. గుండి ఆగిపోతాది."

కూర్మయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కోనాడ చేరేసరికి మిట్టమధ్యాహ్నం. నరసింగరావు దిగుతూ, "పడవకి డీజిలు కావాల గదా. మా ఓనరుకి నాను సెప్పుకుంటాను" అని ఒక క్యాను దింపి ఇసకలో పెట్టాడు. దానమ్మ అల్లుడు గోవింద్ సముద్రం వంక చూసి పెదవి విరిచాడు. పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి.

"నీరు బాగునేదు పిన్నీ. తుపాను పుడతాదంటన్నారు. ఇయ్యాల ఎవులూ దిగలేదు."

"దిగొద్దనే సెప్తాను, ఇది సేపల కోసమైతే" అంది గున్నమ్మ. "ఒడ్డు ఇడిసిపెట్టకుండా ఎలిపోదుం. ఎక్కడ బాగునేకపోతే అక్కడ ఒడ్డెక్కేద్దుం."

దానమ్మ అల్లుడి కేసి ఒక చూపు చూసింది. గోవింద్ వెళ్ళి ఇంజను తెచ్చాడు.

నలుగురు కలిసి కూర్మయ్యను మోసుకెళ్ళి పడవలో కూర్చోబెట్టారు. పడుకోబెడితే ఊపిరాడదు కాబట్టి గున్నమ్మ వెనక కూర్చుని, తన రొమ్ముకు అతని వీపు ఆనించుకుని, రెండు చేతులూ చుట్టేసి పట్టుకుంది. అతని ఛాతీలో నీళ్ళ గురగుర ఆమె చేతులకు తెలుస్తోంది. కుడివైపు ఒడ్డు మెల్లగా వెనక్కి జరుగుతోంది. ప్రతి కెరటానికీ పడవ లేచి చచ్చుబడినట్టు కింద పడుతోంది. ఆమె తడిగుడ్డతో తమ్ముడి పెదాలు అద్దుతూ, అతని ఊపిరి లెక్కపెడుతూ కూర్చుంది. ఒకటి ఆలస్యమైతే ఛాతీ మీద తట్టేది.

"నన్ను ఇక్కడే నీళ్ళల్లో ఒగ్గీ అప్పా" అన్నాడు కూర్మయ్య. "పుట్టిన నీళ్ళే గదా."

"నోరుముయ్యి. నీ పెళ్ళానికి నానేటి సెప్పాల?"

భీమిలి దీపస్తంభం కనిపించే వేళకు ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. గోవింద్ తాడు లాగాడు, మళ్ళీ లాగాడు. పడవ అడ్డం తిరిగి కెరటాలకు పక్క చూపించింది. లోపలికి నీళ్ళు కొట్టాయి. గోవింద్ ముఖంలో నెత్తురు లేదు. గున్నమ్మ ఆ ఒక్కసారే కళ్ళు మూసుకుంది. తనే వీణ్ణి తెచ్చి సముద్రంలో పడేసిందని, పెళ్ళాంబిడ్డలున్న ఇంకో మనిషిని కూడా చంపుతోందని అనుకుంది.

అప్పుడు కూర్మయ్య తల ఎత్తాడు. ఇరవై ఏళ్ళు పడవ నడిపిన మనిషి. మాటకూ మాటకూ మధ్య గాలి కోసం ఆగుతూ చెప్పాడు: "ఒరే... లాగకు. గొట్టం ఇప్పు. నీరు సేరింది... డీజిల్లోకి. వొంపేసి... ఊదు. అప్పా, నువ్వు తెడ్డుతో ముక్కు... కెరటానికి ఎదరెట్టు."

గున్నమ్మ అతన్ని పడవ అంచుకు ఆనించి తెడ్డు అందుకుంది. చిన్నప్పుడు నాన్న పడవలో పట్టుకోవడమే. పడవ ముక్కు కెరటానికి ఎదురు తిరిగేసరికి భుజాలు ఊడిపోయినట్టయింది. గోవింద్ గొట్టం విప్పి, చెడిన డీజిలు పారబోసి, నోటితో ఊది బిగించాడు. ఐదోసారి లాగితే ఇంజను అందుకుంది. కూర్మయ్య కళ్ళు తేలిపోయాయి. గున్నమ్మ తెడ్డు పడేసి అతన్ని మళ్ళీ ఒడిసిపట్టుకుంది.

పొద్దు వాలకముందే చేపలరేవు చేరారు. రేవులో జాలర్లు ఏమిటని అడగలేదు. నలుగురు కలిసి చేపలు మోసే బండి మీద కూర్చోబెట్టి గేటు దాకా తోశారు, అక్కడ ఆటో ఎక్కించారు. ఆసుపత్రిలో మిషన్ల గది జనరేటరు మీద నడుస్తోంది. అనిత అనే నర్సు అతని వాలకం చూడగానే ఆక్సిజను పెట్టి, "ఇంకో గంట ఆగితే నా చేతిలో ఉండేది కాదమ్మా" అంటూనే సూదులు గుచ్చింది. మిషను తిరగడం మొదలైంది.

బయట వసారాలో ఎవరో గున్నమ్మకు టీ ఇచ్చారు. ఆమె పట్టుకోలేకపోయింది. సగం చీర మీద ఒలికింది. అప్పుడు ఏడ్చింది. వచ్చేపోయేవాళ్ళు ఎవరో పోయారేమో అనుకున్నారు.

మర్నాడు ఊపిరి కాస్త నిమ్మళించాక కూర్మయ్య, "ఇంటికి ఎప్పుడెల్దుం అప్పా?" అని అడిగాడు. రైళ్ళు లేవు. తుపాను ఖాయమని రేడియోలో చెబుతున్నారు. ఇల్లు ఏమవుతుందో తెలియదు.

"ఎల్లొద్దు. మళ్ళీ శుక్రవారం మిషనున్నాది గదా" అంది గున్నమ్మ.

ఆ శుక్రవారమే కాదు, ఆ తర్వాత పంతొమ్మిది నెలలు అక్కడే ఉన్నారు. గున్నమ్మ రేవు వెనక పేటలో ఒక గది చూసింది. తెల్లవారకముందే రేవుకు పోయి చేపలు కోసేది. పొలుసులు అంటిన చేతులు కడుక్కుని తమ్ముణ్ణి మిషనుకు నడిపించేది. పురుడయ్యాక మరదలూ పిల్లలూ వచ్చి చేరారు. రెండో బిడ్డ నడక నేర్చేదాకా కూర్మయ్య బతికాడు, మంచం మీద కూర్చుని ఆ నడక చూశాడు. పోయినప్పుడు మాత్రం తమ్ముణ్ణి ఊరికి చేర్చడానికి గున్నమ్మ బస్సుల కోసం, రైళ్ళ కోసం చూడలేదు. గోవింద్‌కు ఫోన్ చేసింది. అతను పడవ తెచ్చాడు.