నేను పట్టేసిన నేల కోత

ఆ రోజుల్లో కొత్తగూడలో ఫ్లైఓవరూ లేదు, దాని కింద చిక్కుకుని తిట్టుకునే జనమూ లేరు; గుండ్రాళ్ళూ, సీతాఫలం పొదలూ, వాటి మధ్య మా ఆఫీసూ ఉండేవి. ఇప్పుడక్కడే ఓ అద్దాల మేడలో మా మనవరాలు ఉపగ్రహ చిత్రాల్లో పంటలు గుర్తించే ఉద్యోగం చేస్తోంది. "మీ కాలంలో కంప్యూటర్ లేకుండా ఎలా తాతయ్యా" అంటే, "కంటితో" అంటాను. నేల ఎక్కడ కోసుకుపోతోందో ఒక్క చూపులో పట్టేసిన మొదటివాణ్ణి నేనేనని కూడా అంటాను. (మొదటివాణ్ణి అన్నది కాస్త ఎక్కువే. ఒక్క చూపు మాత్రం నిజం. అదే కొంప ముంచబోయింది.)

చేరి మూడు నెలలు. నన్ను ఉంచడమా, పంపడమా అన్నది మా పెద్దాయన చేతిలో ఉంది. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడుతుంటుంది కనక చాటున ఆయన్ని భూతద్దం గారనేవాళ్ళం. పంట మార్చి వేసిన చోట మట్టి నిలుస్తోందా, ఏటా ఒకటే వేసిన చోట కొట్టుకుపోతోందా అని ఉపగ్రహం తీసిన చిత్రాల్లో చూడడం మా పని. చందానగర్ అవతల ఓ వాలు దిగువన నెత్తురంత ఎర్రటి మచ్చ కనబడగానే, "పైమట్టి పోయి ఎర్రనేల తేలింది, ఘోరమైన కోత" అని రాసి సంతకం పెట్టేశాను. (ఆ చిత్రాల్లో పచ్చటి పైరే ఎర్రగా కనబడుతుందని మొదటిరోజే చెప్పారట. ఆ పూట నేను క్యాంటీన్‌లో ఉన్నాను.) భూతద్దం గారు కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "పదవోయ్, వెళ్ళి చూద్దాం. అక్కడ పైరుంటే మాత్రం రేపట్నించి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు" అన్నారు.

జీపు దిగితే ఎదురుగా ఛాతీ ఎత్తు కంది, నిగనిగలాడుతూ. ఆయన ఓ ఆకు తుంచి నా జేబులో పెట్టి, "ఇదేనా నీ ఘోరం" అన్నారు.

గట్టు మీదున్న ఆసామీ అవ్వ, "ఏంది సారూ, మా కందిని గట్ల చూస్తున్రు" అంది.

"బాగుందమ్మా. ఎరువేం వేశావు?" అన్నారాయన.

"ఎరువెక్కడిది సారూ. పై చెలకల మా బావ ఏటేటా ఉత్త జొన్ననే ఏస్తడు. వానొస్తె ఆయన మన్నంతా కొట్టుకొచ్చి నా చెలకల పడ్తది. ఆయన పరేషాన్, నాకేం ఫికర్."

ఆ పై చేనుకెక్కి చూస్తే మోకాల్లోతు గండ్లు, రాళ్ళు తేలిన నేల. భూతద్దం గారు ఓ గండిలోకి దిగి లోతు చూసి, "ఏమోయ్, కింద పైరు చూసి పైన కోత పట్టావా" అన్నారు. "అవునండి" అన్నాను, తడుముకోకుండా. తిరుగు దారిలో జీపు ముందు సీటు నాదే. ఆ వారమే ఉద్యోగం ఖాయమైంది. ఆఫీసంతా నా చూపు గురించే చెప్పుకున్నారు, నేనూ కాదనలేదు.

మొన్న మనవరాలికి ఇదంతా ఒప్పేసుకున్నాను. నవ్వి నవ్వి, "ఆయనకి ఎప్పుడూ తెలియలేదా" అంది. తెలియకేం. ఆయన రిటైరైన రోజున ఆ భూతద్దం తీసి నా మెళ్ళో వేసి, "ఎర్రగా ఉంటే పైరోయ్, మర్చిపోకు" అని చెవిలో చెప్పి వెళ్ళారు. ఇప్పటికీ దాన్ని తుడిచినప్పుడల్లా, జేబులో కంది ఆకుతో ముందు సీట్లో ఛాతీ విరుచుకు కూర్చున్న ఆ కుర్రవాడే కనిపిస్తాడు, ఉన్నదానికన్నా కాస్త పెద్దగా.