వారం ఆగి వేసే మార్కులు

అసిటిక్ ఆమ్లం ద్రావణం సీసా మూత తీస్తే ఘాటైన పులుపు వాసన ముక్కుకు కొడుతుంది. హిందూపురం పారిశ్రామికవాడలోని మా ల్యాబ్‌లో దాదాపు రోజూ తీస్తాను. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం సరోజమ్మ మేడం వచ్చి పక్కన నిల్చున్నట్టు ఉంటుంది. డిగ్రీలో మాకు కెమిస్ట్రీ చెప్పింది ఆమె. వాళ్ల నాయన ధర్మవరంలో పట్టుకు రంగులద్దేవాడు. రంగు గట్టిగా పట్టడానికి ఇదే ఆమ్లం వేస్తారు. పెద్ద లెక్చరరైనా సెలవుల్లో ఆమె ఆ రంగు కాగుల దగ్గరే ఉండేది, ఆ వాసన చీర కొంగుకు అంటుకొని కాలేజీకి వచ్చేది. దాన్ని దాచుకోవాలని ఏనాడూ అనుకోలేదు.

రోజూ కాలేజీకి నేను పెనుకొండలో రైలెక్కేసరికి, ధర్మవరం నుంచి వచ్చే ఆమె కిటికీ పక్క సీటులో ఉండేది. "ఏం పాపా, రికార్డు రాసినావా, లేకుంటే హిందూపురం వచ్చేలోపల గీకేస్తావా?" అని పెట్టె అంతా వినబడేలా అడిగేది. అబ్బ, ప్రాణం చచ్చిపోయేది సిగ్గుతో! పేరు పెట్టి పిలిచింది తక్కువ. ఆమెకు నేనెప్పుడూ పెనుకొండ పాపనే.

మేడం ల్యాబ్‌లో ఒక విచిత్రమైన పద్ధతి ఉండేది. మరిగే నీళ్లలో ఇనుప లవణాన్ని చుక్కచుక్కగా వేస్తే ఎర్రటి ద్రావణం వస్తుంది. కంటికి కనబడనంత సన్నని రేణువులు అందులో తేలుతూ ఉంటాయి. ఎవరైనా దాన్ని చూసి ఆ రోజే మార్కులు వేస్తారు. ఈమె వేయదు. సీసాకు పేరు రాసిన చీటీ అంటించి కిటికీలో పెట్టించేది. వారం తర్వాత కూడా రేణువులు అడుక్కు దిగకుండా ఉంటేనే మార్కులు. మేం గొణుగుతుంటే ఒకసారి చెప్పింది: "మా నాయన అద్దిన పట్టు ఆ పొద్దే ఇచ్చేవాడు గాదు. తడి తెల్లగుడ్డలో చుట్టి పెట్టేవాడు. పొద్దున్నకి గుడ్డకు రంగు అంటకుంటేనే నేసేవాళ్లకి ఇచ్చేది. అద్దిన పొద్దు అన్ని రంగులూ బాగానే ఉంటాయి పాపా."

నా సీసా నాలుగో రోజుకే అడుక్కు దిగిపోయింది. క్లాసులో ఫస్టు వచ్చే పిల్లను, తల కొట్టేసినట్టయింది. ఎవరూ లేనప్పుడు మళ్లీ కొత్తది చేసి, పాత చీటీ జాగ్రత్తగా ఊడదీసి దానికి అంటించాను. వారం నాడు మేడం సీసాను వెలుగుకు ఎత్తి చూసింది. చీటీని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"చీటీ ఎండకు వెలిసిపోయుండాది. సీసా మీద దుమ్ము కూడా లేదే. ఇది నిన్న పుట్టిన బిడ్డ గదా?"

ఆమె సీసాను బల్ల మీద పెట్టింది.

"మొదటి సీసా, ద్రావణం పోసే ముందు యాడ కడిగినావు?"

"కొళాయి కింద మేడం."

"ఆ బోరు నీళ్లల్లో సగం ఉప్పే. ఇంగ రేణువులు ఎట్ల నిలుస్తాయి? దిగిపోతే దిగిపోయిందని చెప్పల్ల. అది తప్పు గాదు. దిగలేదని చూపించినావు చూడు, దానికి సున్నా."

సున్నా అంటే సున్నానే వేసింది. ఇంటికి పోయేదాకా ఏడ్చాను. ఆ రోజు ఆమె మీద వచ్చిన కోపం చాలా కాలం పోలేదు.

తర్వాత నేను చేరిన పని కూడా రేణువులదే అయింది. పుట్టుకతో జన్యులోపం ఉన్న పిల్లలకు, పనిచేసే జన్యువును కణాల్లోకి చేర్చాలి. ఉత్తగా పంపితే అది దారిలోనే ముక్కలైపోతుంది. కొందరు దాన్ని హాని చేయలేని వైరస్‌లో పెట్టి పంపుతారు. మేం వైరస్ జోలికి పోకుండా, కొవ్వుతో చేసిన నానో రేణువుల్లో చుట్టి పంపాలని పూనుకున్నాం. ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా విడివిడిగా నిలవాలి. గడ్డకడితే అవి మందు కావు, అపాయం. మా బృందంలో ఐదుగురం రెండేళ్లు ఒళ్లు దాచుకోకుండా పనిచేశాం. తయారుచేసిన రోజు కొలతలు ముత్యాల్లా వచ్చాయి. రెండో సోమవారం వాటిని జంతువుల మీద పరీక్షకు పంపాలి, అప్పటిదాకా ఫ్రీజర్‌లో నిల్వ ఉంచాలి.

అలవాటు కొద్దీ నేను అదే తయారీలోంచి నాలుగు సీసాలు ఎవరికీ చెప్పకుండా ఫ్రీజర్‌లో దాచాను. వారానికి తీసి కరిగిస్తే, పాలు విరిగినట్టు నలకలు! ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెబితే పని ఆగిపోతుంది, ఐదుగురి ఉద్యోగాలూ గాలిలో ఉంటాయి. ఫ్రీజర్ తలుపు పట్టుకొని ఎంతసేపు నిల్చున్నానో! ఊరుకుంటే సరిపోతుందని ఒక్క క్షణం కాదు, చాలా క్షణాలే అనిపించింది. చివరికి ఆ సీసాలు తీసుకుపోయి డైరెక్టరు గారి బల్ల మీద పెట్టాను.

"రెండేళ్ల తర్వాత ఇప్పుడా అమ్మా చెప్పేది?" అన్నారాయన. పరీక్ష ఆపేశారు. ఇద్దరిని వేరే పనికి మార్చారు. వాళ్లలో ఒకతను నాతో మాట్లాడటమే మానేశాడు.

ఆ రేణువులు ఇప్పుడు నిలుస్తున్నాయి. ఫ్రీజర్‌లో పెట్టే ముందు చక్కెర కలిపి, పైపొరను మార్చి, ఏడాదికి పైగా తంటాలు పడ్డాక నిలిచాయి. నెలల తరబడి ఫ్రీజర్‌లో ఉన్నా చెక్కుచెదరడం లేదు. ఆగిన పరీక్ష మొదలైంది. అభినందనలూ దండలూ అన్నీ అయ్యాయి. అవి చూడటానికి మేడం లేదు. అంతకు ముందే పోయింది.

కానీ పని ఆగిపోయిన రోజున ఆమె ఉంది. ఆ సాయంత్రం నేను పెనుకొండలో దిగకుండా నేరుగా ధర్మవరం పోయాను. రిటైరైన మేడం వాకిట్లో కూర్చొని బియ్యం ఏరుతోంది. అంతా చెప్పి, "నా వల్ల అందరికీ నష్టమొచ్చింది మేడం" అని ఏడ్చాను. ఆమె చేట పక్కన పెట్టింది. నన్ను ఓదార్చలేదు. ఎదురింట్లో మగ్గం నేసే ఆమెను కేకేసింది.

"మే లచ్చుమక్కా, ఇట్లరా! ఈ పాప ఎవురనుకున్నావు? నా దగ్గర సదువుకున్న పాప. రెండేండ్లు చేసిన పని నిలవలేదని, ఎవురూ అడక్కముందే తానే పోయి చెప్పొచ్చిండాది!"

ఆ లక్ష్మక్కకు ఏం అర్థమైందో తెలియదు, చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను ఎగాదిగా చూసి "మంచి పాపే" అంది. మేడం మొహం మాత్రం వెలిగిపోతోంది. గెలిచాక నన్ను చూసి గర్వపడ్డవాళ్లు చాలామంది. ఓడిపోయి వచ్చిన రోజున వీధిలోవాళ్లను పిలిచి మరీ గొప్పలు చెప్పుకుంది ఆమె ఒక్కతే.