పెట్రోలు మూత మీద గంజి బొట్టు

నా చిన్నప్పుడు మా వీధి మొత్తం వెతికినా నాకున్నంత కుళ్ళు ఇంకెవరికీ ఉండేది కాదు. ఈ మాట అన్నది మా అవ్వ, మా నాయనను కన్న తల్లి. పదేళ్ళ పిల్లను పట్టుకుని అంత మాట అంటారా అని మీకనిపించవచ్చు గానీ అందులో అబద్ధమేమీ లేదు. పక్కింటి పిల్లకు కొత్త రిబ్బన్లు కొంటే నాకు ఆ పూట అన్నం దిగేది కాదు. ఇక మా అక్క సంగతైతే చెప్పనే అక్కర్లేదు.

అక్క నాకంటే ఏడేళ్ళు పెద్ద. మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. నాయన గుంట మగ్గంలో కూర్చుని చీరలు నేసేవాడు. అమ్మ గంజి కాచి నూలుకు పట్టించేది. నేను బడి నుంచి వచ్చి రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టేదాన్ని. అక్క మాత్రం పదో తరగతి మంచిగా పాసై ఆదోనిలో ఇంటర్ చేరింది. పొద్దున మొదటి బస్సు ఎక్కినా కాలేజీ గంట కొట్టేశాకే చేరేది కాబట్టి నాయనే మోటారు సైకిలు మీద తీసుకుపోయి దింపి, వచ్చేటప్పుడు నూలో రంగో తెచ్చుకునేవాడు. సాయంత్రం అక్క బస్సులో వచ్చేది. ఆడపిల్లకు అంత దూరం చదువెందుకని అవ్వ రోజూ గొణిగేది. బండి నడిచినన్నాళ్ళే ఈ చదువు, బండి మూలబడిన రోజున ఇది కూడా రాట్నం దగ్గరకే అని నాయన దగ్గర ముందే మాట తీసుకుంది.

ఆ బండి అప్పటికే ముసలిది. ఎన్ని చేతులు మారి మా ఇంటికొచ్చిందో నాయనకే తెలియదు. అయినా పుస్తకాల సంచి ఒళ్ళో పెట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని అక్క దాని వెనక కూర్చుని వీధి మలుపు తిరుగుతుంటే నాకు ఒళ్ళంతా కారం పూసినట్టుండేది. నన్ను ఒక్కసారి ఎక్కించుకోమంటే, "నీకు ఆదోనిలో ఏం పనుంది?" అని నవ్వేవాడు నాయన. అదీ నిజమే కదా, నాకేం పని!

దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఏ వస్తువుతో ఎవరు పని చేస్తే దానికి వాళ్ళే బొట్టు పెట్టాలి. మగ్గానికి నాయన, గంజి కుండకు అమ్మ, రాట్నానికి నేను. ఆ ఏడు బండికి ఎవరు పెట్టాలని అడిగితే నాయన క్షణం కూడా ఆలోచించకుండా, "ఇంకెవరు, కాలేజీకి పోయే అమ్మాయే" అన్నాడు. అక్క ముందు చక్రానికీ లైటుకూ చక్కగా గంధం, కుంకుమ పెట్టి హారతి ఇచ్చింది. నేను రాట్నం పక్కన నిలబడి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

మధ్యాహ్నం అందరూ తిని నడుం వాల్చారు. నేను మెల్లగా లేచి పూజలో మిగిలిన పసుపు తీసుకున్నాను. అక్క పెట్టిన బొట్టు రెండు రోజులకు రాలిపోతుంది, నాది రాలకూడదు అనుకున్నాను. గంజి పట్టిస్తే నూలుపోగు ఎంత గట్టిపడుతుందో మగ్గం ఇంటి పిల్లకు ఒకరు చెప్పాలా? కుండలో అడుగున మిగిలిన చిక్కటి గంజి తీసి పసుపులో పిసికి ముద్ద చేశాను. ఎక్కడ పెట్టాలా అని చూస్తే, పెట్రోలు ట్యాంకు మూత మీద సరిగ్గా నడిమధ్యలో ఒక చిన్న చిల్లు కనబడింది. ఇక్కడ పెట్టు అని ఎవరో నా కోసమే గుర్తు పెట్టినట్టుంది. ఆ చిల్లులోకి వేలితో ముద్దను బాగా అదిమి, పైన రూపాయి బిళ్ళంత బొట్టు దిద్ది, కుంకుమ అద్దాను.

సాయంత్రం నాయన చూసి ఎంత మురిసిపోయాడో! "సూడే, పెద్దబిడ్డ ఎంత సక్కగా పెట్టిందో" అని అమ్మను పిలిచి మరీ చూపించాడు. అక్క అది అమ్మ పెట్టిందేమో అనుకుని నవ్వి ఊరుకుంది. నేనే పెట్టానని చెబితే దొంగతనంగా పెట్టినందుకు తిట్లు పడతాయి. నా బొట్టుకు కూడా మెప్పు అక్కకే పోయింది. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది నాకు.

సెలవులయ్యాక అక్కను ఎక్కించుకుని బయలుదేరిన మొదటి రోజే బండి దారిలో ఆగిపోయింది. నాలుగైదు మైళ్ళు బాగానే పోయి, ఉన్నట్టుండి సత్తువ చచ్చినట్టు నెమ్మదించి, తుక్కుతుక్కుమని నిలబడింది. నాయన మూత తీసి చూస్తే పెట్రోలు ఉంది. మూత బిగించి నాలుగు కిక్కులు కొడితే కదిలింది. ఇంకో నాలుగు మైళ్ళు పోయి మళ్ళీ అదే కథ. అక్క చేరేసరికి రెండో గంట కూడా కొట్టేశారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మా ఊరి మెకానిక్ ప్లగ్గు మార్చాడు, కార్బురేటర్ విప్పి కడిగాడు, పెట్రోలు పైపు ఊదాడు. షెడ్డులో గుర్రం లాగా ఉండేది, రోడ్డెక్కితే చతికిలబడేది. దిష్టి తగిలిందని అవ్వ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. కాలేజీలో ఇంక ఆలస్యంగా వస్తే రానివ్వమని చెప్పేశారు. పదిహేను రోజులు తిరగకుండా అక్క ఇంట్లో కూర్చుంది.

దాచుకోవడం ఎందుకు, నాకు సంతోషమేసింది. నా కుళ్ళే బండికి తగిలిందని నమ్మాను. కొంచెం భయపడ్డాను, కొంచెం గర్వపడ్డాను కూడా. కానీ ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. అమ్మ అక్కను నా పక్కనే రాట్నం ముందు కూర్చోబెట్టింది. అక్క చుట్టిన కండె నా కండె కంటే గట్టిగా, నున్నగా వచ్చింది. "దీని సెయ్యి సూడు, దారం తెగనే తెగలేదు" అంది అమ్మ. ఓయమ్మా, ఇంతవరకు నాదంటూ ఉన్నది ఆ రాట్నం ఒక్కటే, అది కూడా పాయె! పైగా అక్క ఏడ్చేది కూడా కాదు. పుస్తకాల సంచిని చిలక్కొయ్యకు తగిలించి, దాని వైపు వీపు పెట్టి కూర్చునేది.

చివరి ప్రయత్నంగా నాయన బండిని ఆదోనిలో ఒక పెద్దాయన దగ్గరకు తీసుకుపోవాలనుకున్నాడు. ఆయన పత్తి మిల్లులో ఇంజన్లు చూసి చూసి, వయసు మళ్ళాక సొంతంగా షెడ్డు పెట్టుకున్న మెకానిక్. ఆయన వల్ల కూడా కాకపోతే బండిని పాత ఇనుముకు వేసేద్దామని అవ్వ తేల్చేసింది. ఆ రోజు ఆదివారం. దారిలో ఆగితే తోయడానికి ఇంకో మనిషి కావాలి, అక్క రానంది. అట్లా నాకు బండెక్కే యోగం పట్టింది. ఎన్నాళ్ళుగానో కలలు కన్న సవారీ అది. అయిదు సార్లు ఆగింది, అయిదు సార్లూ దిగి తోశాను.

మెకానిక్ తాత ఒక్క పానా కూడా చేతిలోకి తీసుకోలేదు. బండి చుట్టూ తిరిగి, స్టూలు మీద కూర్చుని నాయనను అడగడం మొదలుపెట్టాడు.

"మిట్ట ఎక్కేటప్పుడు ఆగుతాదా, సమానంగా పోతాంటే ఆగుతాదా?"

"యాడైనా ఆగుతాదన్నా. ముందు గుంజుకుంటాది, స్పీడు రాదు, ఇంగ నిలబడిపోతాది."

"నిలబడినాక నువ్వేం జేస్తావు?"

"మూత దీసి పెట్రోలు సూస్తా. ఉంటాది. మూత ఏసి కిక్కు కొడితే స్టార్టయితాది."

"నిండుగా పోయించిన దినం ఇంగా తొందరగా ఆగుతాదేమో?"

నాయన నోరు తెరిచి, అవునన్నట్టు తలూపాడు. ఎప్పటినుంచి ఇట్లా అని అడిగితే దసరా అయినప్పటినుంచి అన్నాడు. ఆ మాటకు నా మొహంలో ఏం కనబడిందో గానీ తాత నా వైపు ఒకసారి చూసి లేచాడు. "నువ్వు టీ తాగప్పా. ఈ పాపను ఎక్కిచ్చుకోని ఒక సుట్టు ఏసొస్తా" అన్నాడు.

ఊరు దాటి పత్తి చేల మధ్యకు పోయేసరికి బండి ఎప్పటిలాగే నీరసపడి ఆగింది. తాత నన్ను దింపి, ట్యాంకు మూత దగ్గర చెవి పెట్టమన్నాడు. ఆయన మూతను కొంచెం తిప్పగానే లోపలికి గాలి సుయ్‌మని పీల్చుకున్న చప్పుడు వినబడింది.

"నూనె డబ్బాకు మీ అమ్మ ఎన్ని సిల్లులు పెడతాది?"

"రెండు."

"ఒగటే పెడితే?"

"సరిగ్గా కారదు తాతా."

"ఇదీ అంతే. పెట్రోలు కిందికి దిగాలంటే పైనించి గాలి లోపలికి పోవాల. దానికని ఈ మూతకు సిల్లు పెట్టినారు. ఎవరో దాన్ని మూసినారు."

చొక్కాకున్న పిన్నీసు తీసి ఆ చిల్లును గీకాడు. గవ్వ ముక్కల్లాగా పసుపు పెళ్ళలు ఊడి వచ్చాయి. ఒకదాన్ని గోటితో గిల్లి చూసి, "ఉత్త పసుపైతే ఎప్పుడో రాలిపోవాల. ఇందులో గంజి ఉండాది. మగ్గం ఇంటోళ్ళ సెయ్యి ఇది" అన్నాడు మెల్లగా. అంతే, నాకు ఏడుపు తన్నుకొచ్చింది. రిబ్బన్ల దగ్గర నుంచి రాట్నం దాకా ఏదీ మిగల్చకుండా అంతా చెప్పేశాను. ఛీ అంటాడనుకున్నాను. ఆయన రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని ఓపికగా విన్నాడు.

"మా తమ్మునికి మిల్లులో పెద్ద మేస్త్రీ పని ఇచ్చినప్పుడు నేను వానితో ఆరు నెల్లు మాట్లాడ్లేదు. పాపం, వానికి ఎందుకో కూడా తెలీదు. ఒగ మాట సెప్పింటే ఆ దినమే అయిపోయేది" అన్నాడు. లేచి పిన్నీసు చొక్కాకు గుచ్చుకుని, "మీ నాయనకు బండి సంగతి సెప్తా. బొట్టు ఎవరిదో నేను సెప్పను పాపా. అది నువ్వు సెప్పాల్సింది" అని బండి తీశాడు. తిరిగి వచ్చేటప్పుడు బండి ఎక్కడా ఆగలేదు.

ఇంటికి వచ్చే దారంతా నాయన సంతోషం పట్టలేకపోయాడు. "మీ యక్క పెట్టిన బొట్టు ఎంత పని జేసిందే!" అని నవ్వుతూనే ఉన్నాడు. చెప్పాల్సిన మాటను నేను ప్రతి మైలురాయి దగ్గరా వచ్చే రాయికి వాయిదా వేశాను. ఇంట్లోకి అడుగు పెట్టగానే అదే మాట అందరికీ చెప్పాడు. ఆయన నవ్వులాటగా అన్నదే అవ్వ చేతికి కత్తిలా దొరికింది. "సూసినావా? సదువుకోనీకి బండి ఇస్తే దాని సెయ్యే బండిని ఆపింది. అచ్చిరాని సదువు అది. బండి బాగైతే అయింది గానీ ఈ పిల్ల మాత్రం ఇంగ గడప దాటేది లేదు" అంది.

అక్క తెల్లబోయి లేచి నిలబడింది. మూత మీద నేను పెట్టనే లేదంది. "ఆ పొద్దు మెచ్చుకుంటే నవ్వితివి, ఈ పొద్దు నాది గాదంటావా?" అని అవ్వ గదమాయించింది. నాయన మొహంలో నవ్వు పోయింది. అక్క అబద్ధమాడుతోందనే అనుకున్నాడు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నాకు తియ్యగా ఉంది. నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, నాయన కళ్ళల్లో అక్క దిగిపోతుంది. నా మీద ఎవరికీ అనుమానం కూడా లేదు. అప్పుడు అక్క చిలక్కొయ్యకున్న సంచి దింపి, అందులో పుస్తకాలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది, ఎవరికో ఇచ్చేయడానికన్నట్టు.

"ఆ బొట్టు నాది" అన్నాను. ఎవరికీ వినబడలేదు. ఈసారి అరిచాను. "అక్క పెట్టలే. నేనే గంజి కలిపి పెట్టినా. నాయన రోజూ అక్కను ఎక్కిచ్చుకోని పోతాంటే నాకు కుళ్ళు!"

అవ్వ నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. అమ్మ వీపు మీద రెండు వేసింది. నాయన మాత్రం, "రోజూనా?" అని అడిగాడు. రోజూ అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడకుండా అక్క పేర్చిన పుస్తకాలు తీసి సంచిలో పెట్టాడు. తెల్లవారి అక్కను కాలేజీలో దింపి, వాళ్ళతో మాట్లాడి, క్లాసులో కూర్చోబెట్టి వచ్చాడు.

అక్క క్షమించిందనుకుంటున్నారా? తొమ్మిది రోజులు నా మొహం చూడలేదు. పదో రోజు సాయంత్రం వచ్చి రాట్నం పక్కన కూర్చుని, "నీకు బండి మీద కుళ్ళా?" అంది. "నువ్వు కండెలు సుడుతాంటే నాయన మగ్గంలోనించి నీతో ఎన్ని కతలు సెప్తాడు! ఆదోని దాకా నాతో ఒక్క మాట మాట్లాడడు తెలుసా? ఇంట్లోకి వస్తానే మీ ఇద్దరి నవ్వులు వినబడితే నాకు ఎట్లుంటాదో?" అక్కకు కూడా నా మీద అసూయ ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఇద్దరం ఆ పక్కన ఈ పక్కన అన్నాళ్ళు నోరు మూసుకుని మాడిపోయాం.

అక్క చదివి టీచరైంది, రిటైరై ఆదోనిలో స్థిరపడింది. నేను ఈ ఊళ్ళోనే, ఈ మగ్గాల మధ్యే ముసలిదాన్నయ్యాను. నా కుళ్ళు ఎక్కడికీ పోలేదు. అక్క శిష్యులు ఇంటికొచ్చి కాళ్ళకు దండం పెడితే ఇప్పటికీ నాకు కడుపులో మండుతుంది. మండినప్పుడు దాన్ని ఒక్క పూట కూడా లోపల పెట్టుకోను. ఫోను తీసి, "అక్కా, నీ మీద కుళ్ళుకుంటాండాను" అంటాను. అటు నుంచి కుర్చీ లాక్కున్న చప్పుడు వినిపిస్తుంది. "ఊఁ, సెప్పు. ఈ పొద్దు దేనికి?" అంటుంది మా అక్క.