నెత్తురులో కనపడతారా

నిన్న ప్రొద్దుటూరులో మా ల్యాబులో కొత్త స్పిరిట్ సీసా మూత తీయగానే వాసన గుప్పుమంది. ఎదురుగా కూర్చున్న అమ్మాయి చేతికి రబ్బరు పట్టీ బిగిస్తూ, "రాత్రి నిద్ర పట్టిందా పాపా?" అని అడిగాను. షుగరు పరీక్షకు నిద్రతో ఏం పని అన్నట్టు చూసింది. నిజమే, ఆ కాగితంలో నిద్రకు గడి లేదు. ఆ ప్రశ్న నాది కాదు, రూతమ్మ మేడంది. ఆమె పోయి ఏళ్ళయినా నా నోటిని వదల్లేదు.

మేడంది జమ్మలమడుగు. తాతల కాలం నుంచీ వాళ్ళింట్లో అందరూ టీచర్లో నర్సులో. ప్రొద్దుటూరులో ఆమె పెట్టుకున్న చిన్న ల్యాబులో నేను పనికి చేరాను. ఆమెకు ఓర్పు ఎక్కువ, నాకు నోరు ఎక్కువ. సూది గుచ్చడం వారంలో నేర్పింది. తెలియనిదాన్ని తెలియదని రాయడం నేర్పడానికే ఏళ్ళు పట్టింది.

మాది సింహాద్రిపురం వైపు పల్లె. ఫ్యాక్షన్ రోజులు. ఊరు రెండు పార్టీలు, టీ కొట్లు కూడా రెండు. ఇరవై ఏళ్ళు దాటాక మా అన్న ఓబులేసుకు నిద్ర పట్టడం మానేసింది. గోడ అవతల ఎవరో తన పేరు చెప్పుకుంటున్నారనేవాడు. పులివెందులలో చూపిస్తే, లేని శత్రువులు ఉన్నారనుకుంటాడా అని డాక్టరు అడిగాడు. అమ్మ, "లేనోళ్ళ సంగతి తెలీదు సార్. ఉండేటోళ్ళే శానా మంది" అంది. డాక్టరుకు ఏం రాయాలో తోచలేదు. మాకు మాత్రం తోచిందా? అన్న చూపించిన గోడ వెనక ఎప్పుడు చూసినా ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఒక్కసారి మాత్రం ఉన్నారు, నాటు బాంబులతో. ఆ తర్వాత అతని మాటల్లో జబ్బేదో, ఊరేదో నాకు తెలియకుండా పోయింది.

అలాంటప్పుడు బయటి నుంచి వచ్చిన డాక్టర్లు కొందరు మేడం సాయం అడిగారు. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్ళ రక్తం కావాలి, పోల్చి చూడటానికి బాగున్నవాళ్ళ రక్తమూ కావాలి. రోగాలతో పోరాడే కణాలు రక్తంలో ఉంటాయి కదా, వాటిలో ఏ జన్యువులు చురుగ్గా పనిచేస్తున్నాయో, ఏవి మందగించాయో చూస్తారట. జన్యువు పుట్టుకతో వచ్చేదే, దాని పని మాత్రం జ్వరానికో మందుకో మారుతుందని మేడం చెప్పింది. రక్తం పట్టిన గొట్టాన్ని మెల్లగా తిరగేయాలి తప్ప ఊపకూడదు.

అమ్మ అన్నను తీసుకొచ్చింది. అతను బుద్ధిగా చెయ్యి చాచి, గొట్టంలోకి రక్తం చేరడం చూస్తూ అడిగాడు. "మేడం, వాళ్ళు నా నెత్తురులో కనపడతారా?"

"తెలీదప్పా" అంది ఆమె. "కనపడితే చెప్తాలే."

నాకు ఒళ్ళు మండింది. కనపడరని ఒక్క మాట అంటే ఏం పోయింది? అసలు నా మంట వేరు. నాకూ నెలగా నిద్ర లేదు. చప్పుడైతే పక్కవాళ్ళ ముఖం చూసేదాన్ని, వాళ్ళకూ వినపడిందో లేదోనని. అన్న దారినే పోతున్నానని భయం. బాగున్నవాళ్ళ జాబితాలో పేరుంటే బాగున్నట్టే అనిపించి, నా పేరు నేనే రాసుకున్నాను.

"నిద్ర పట్టిందా?" అంది మేడం, నా చేతికి పట్టీ కడుతూ.

"పట్టింది మేడం."

ఆమె సూది పక్కన పెట్టింది. "నాతో అబద్ధం చెప్తే పోనీలే, మర్చిపోతా. ఇది కాగితం మీదికి పోతాంది పాపా."

ఏడుపు ఆగలేదు. "నాకూ వస్తాదా మేడం? దీంట్లో తెలుస్తాదా?"

"వస్తాదో రాదో తెలీదు. ఇది ఒక్కరి గురించి చెప్పేది కాదు, శానామందివి కలిపి చూసేది. ఆ మార్పు జబ్బుతో వచ్చిందా, మందుతోనా, నిద్ర లేకనా అని వాళ్ళకే తికమక."

"మరి మీకు తెలిసిందేంది?"

"నువ్వు నిద్రపోలేదని తెలిసింది. అది రాద్దాం."

రాసింది. ఆ రోజు నా రక్తం తీయలేదు. మీ ఊర్లో బాగుండేటోళ్ళ నెత్తురు యాడ తెచ్చేది అని గొణుక్కుంటూ షట్టరు సగం దించింది. మిట్టమధ్యాహ్నం నన్ను బల్ల మీద పడుకోబెట్టి, పక్కన కుర్చీ వేసుకుంది. "చప్పుడైతే నేను వింటాంటా. నువ్వు పడుకో." సాయంత్రం దాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయాను.

ఆ జబ్బు నాకు రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు. ఊళ్ళో బాంబులు ఆగాయి. అన్నకు మాత్రం గోడ అవతలి మాటలు మాత్రలతో తగ్గుతాయి, మళ్ళీ వస్తాయి. మొన్న మధ్యాహ్నం ఊరికి వెళ్తే, మంచం మీద కూర్చుని గోడవైపే చూస్తున్నాడు.

"మేడం చెప్పిందా?" అన్నాడు. ఆమె పోయిందని అతనికి ఎన్నిసార్లు చెప్పానో.

"చెప్పలేదన్నా. తెలీదు" అన్నాను. "నువ్వు పడుకో. నేను వింటాంటా."

కాసేపు నా ముఖంలోకి చూసి, అటు తిరిగి పడుకున్నాడు. అతను లేచేదాకా ఆ గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. నాకేమీ వినపడలేదు. అవతల ఎవరూ లేరనా అంటే, తెలియదనే రాస్తాను.