పరశురాములు బోర్డు మీది ఒకటి

ఛాతీలో నొప్పని దవాఖానకు పోయిన రోజు కూడా పరశురాములు, డాక్టరు కంప్యూటర్‌లో ఏమేం సాఫ్ట్‌వేర్లు ఎక్కించారో చూశాకే మంచమెక్కాడు. నకిరేకల్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ఏది కొత్తగా ఎన్ని కంప్యూటర్లలోకి ఎక్కింది, ఏది ఎన్నింట్లోంచి దిగిపోయింది అని లెక్కగట్టి, దుకాణం ముందు నల్లబోర్డు మీద రాసేవాడు. జనం పత్తి ధర చూసినట్టు చూసిపోయేవారు.

మేనకోడలు వర్షితకు పిల్లగాణ్ని చూడబోయి, నేరుగా వాళ్ల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"అన్నీ ఆటలే. పనికొచ్చేది ఒక్కటి లేదు. లేవుండ్రి, పోదాం."

ఎవర్నీ చాయ్ కూడా తాగనియ్యలేదు.

పక్క దుకాణం నాగరాణిది. పెండ్లికార్డులు, కరపత్రాలు టైపు చేసేది. ఎప్పటిదో పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ తప్ప ఆమెకు ఇంకోటి రాదు. గిరాకీ అంతా ఫోన్లలోకి పోయింది. దసరా దాకా చూసి దుకాణం మూసేద్దామనుకుంటుండగా, ఒక పొద్దున బోర్డు మీద ఆమె పేరు కనబడింది.

"పాత తెలుగు టైపింగ్: నకిరేకల్ మొత్తంలో ఒకటి. నాగరాణి దుకాణం."

"నా పరువు బజార్ల ఏసినవ్ గదనే అన్నా. తుడువు."

"లెక్క ఎట్ల తుడుస్త చెల్లె?"

ఆమే కొంగుతో తుడిచేసింది. తెల్లారేసరికి ఇంకింత పెద్ద అక్షరాలతో ఉంది.

ఆ వారమే రామన్నపేట నుంచి యక్షగానం బుచ్చయ్య ఒక పాత సీడీ పట్టుకొచ్చాడు.

"అమ్మా, మా ఆటల రాతంత గీ సీడీలనే ఉన్నది. ఏ కంప్యూటర్ల పెట్టినా పిచ్చిగీతలే వస్తున్నయ్. గా బోర్డు చూసి వచ్చిన."

నాగరాణి తెరిచింది. అక్షరాలు చక్కగా వచ్చాయి. బుచ్చయ్య కుర్చీలోనే రాగం ఎత్తుకున్నాడు. ఆ తర్వాత గుడి కమిటీలు, వకీళ్లు, కులసంఘాలు పాత ఫైళ్లతో వరుస కట్టారు. ఆమె బిత్తరపోయింది.

"గిది నాకు ముందే చెప్పరాదా అన్నా?"

"నీకు చెప్తే ఏం ఫాయిదా? తెల్వాల్సింది వాళ్లకు గదా."

గిరాకీ చూసి బస్టాండు దగ్గర జిరాక్సు నవీన్‌కుమార్ నాగరాణి అక్కడుండగానే పరశురాములు దగ్గరికి వచ్చాడు. "అన్నా, గా పాత సాఫ్ట్‌వేర్ నాకు గూడ ఎక్కియ్యి."

"డిస్కు ఖరాబైంది తమ్మీ."

పరశురాములు దస్తీలో చుట్టి తన సొరుగులో దాచిన ఆ డిస్కును నాగరాణి నిన్ననే చూసింది. లెక్కల మనిషి నోట అబద్ధం వినడం అదే మొదలు.

నవీన్‌కుమార్ అటు పోగానే పరశురాములు సుద్దముక్క తీసి, బోర్డు మీద చెరిగిన అంకెను మళ్లీ దిద్దాడు.

ఒకటి.