మూడు డిగ్రీల గీత

ఆయన్ని అందరూ చెవి మేస్త్రీ అంటారు. బండికి ఏం రోగమో వినే చెప్పేస్తాడని వచ్చిన పేరది. స్క్రూడ్రైవర్ కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడతాడు. చూసేవాళ్ళకి నిలబడి నిద్రపోతున్నట్టుంటుంది. లేపబోయినవాళ్ళు తిట్లు తిని పోతారు.

ముప్పయ్యేళ్ళు పందెం బైకులకి పని చేశాడు. ఒకప్పుడు షెడ్డులో కాలు పెట్టే చోటుండేది కాదు. ఒక్కొక్కరే పెద్ద వర్క్‌షాపులకి జారుకున్నారు. భార్య పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ రేకుల షెడ్డుకి వచ్చే మనిషి ఒక్కతే, అక్క కూతురు. పందేల్లో బండి నడుపుతుంది. ప్రతి శనివారం పొద్దున్నే వచ్చి టైమింగ్ పెట్టించుకుంటుంది. ఇంజన్‌లో స్పార్క్ ఏ క్షణాన పడాలో సరిచూసే పని అది, గంటలో అయిపోతుంది. ఆ పిల్ల మాత్రం మధ్యాహ్నం దాకా కబుర్లు చెబుతూ కూర్చుంటుంది. మిగతా ఆరు రోజులూ ఆయన ఆ శనివారం మీదే బతుకుతాడు. ఎవరైనా ఆ మాటంటే మాత్రం ఛస్తే ఒప్పుకోడు.

ఒక శనివారం ఆమె సబ్బుబిళ్ళంత నల్లడబ్బా తెచ్చింది.

"కొత్త ఇగ్నిషన్ మావయ్యా. ఏ వేగంలో స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందు పడాలో ఫోన్లోంచే మార్చుకోవచ్చు. పేరున్నవాళ్ళదైతే బండి అమ్ముకుని కొనాలి. ఇది రెండు టైర్ల ఖరీదే."

"ఆ టైర్లే కొనుక్కోవాల్సింది."

ముఖం మాడ్చుకునే బిగించాడు. ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్ చక్రం మీది గీతకి సెన్సార్‌ని సరిగ్గా ఎదురు పెట్టాడు. డబ్బాతో వచ్చిన కాగితంలోని అంకెలు ఆమె ఫోన్లో ఎక్కించింది. మధ్యాహ్నం ట్రాక్ మీద పరీక్షించారు. రెండు చుట్లు బండి దూసుకుపోయింది. మూడో చుట్టులో టకటకమని చప్పుడు, తర్వాత పొగ, ఆ తర్వాత ఏమీ లేదు. విప్పి చూస్తే పిస్టన్ నడినెత్తిన చిల్లు.

"నువ్వన్నదే నిజం మావయ్యా. దీన్ని చెత్తబుట్టలో పడేసి, మామూలుగా నీ దగ్గరికే వస్తా" అంది నీరసంగా.

మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. పిల్ల ఏడుపుముఖం పెట్టుకునుంటే సంతోషపడటం తప్పని తెలుసు. తెలిసినా సంతోషం ఆగలేదు.

ఆమె వెళ్ళాక ఫ్లైవీల్ తుడుస్తూ ఆగిపోయాడు. దానిమీద రెండు గీతలున్నాయి. ఒకటి కంపెనీది. రెండోది ఆయన ఆకురాయితో కోసింది, మూడు డిగ్రీలు ముందుకి. పాత ఇగ్నిషన్ స్పార్క్ బద్ధకంగా ఇస్తుందని, చేతికొచ్చిన ప్రతి ఫ్లైవీల్‌కీ అలా సొంత గీత పెట్టుకోవడం ఆయన పద్ధతి. కంపెనీ గీతని కన్నెత్తి చూసి ఎన్నేళ్ళయిందో. కాగితంలోని అంకెలేమో కంపెనీ గీతకి లెక్కకట్టినవి. అలవాటు కొద్దీ తన గీతకి పెట్టేసరికి ప్రతి స్పార్కూ మూడు డిగ్రీలు తొందరపడి పిస్టన్‌ని కాల్చేసింది. డబ్బా పాపం చెప్పిన పనే చేసింది.

ఈ సంగతి ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలియదు. నోరు మూసుకుంటే శనివారాలు మిగులుతాయి. నాలుగు రోజులు మూసుకున్నాడు. కొత్త పిస్టన్ వేస్తూ మూసుకున్నాడు, అన్నం తింటూ మూసుకున్నాడు. ఇంట్లో మాట్లాడటానికి ఇంకో మనిషి లేకపోవడంతో అదేమంత కష్టం కాలేదు. బుధవారం ఇక తట్టుకోలేక ఫోన్ చేశాడు.

"డబ్బా పారేశావా?"

"ఇంకా లేదు. ఏం?"

"పారెయ్యకు. తప్పు నాది తల్లీ. నా గీతకి పెట్టాను."

ఆమె నవ్వేసింది. "చెవులున్నాయి గానీ కళ్ళు లేవు మావయ్యా నీకు."

శనివారం కంపెనీ గీతకి పెట్టి బిగించాడు. మర్నాడు పందెంలో ఆమె రెండో స్థానంలో వచ్చింది. ఇంజన్ అంత నున్నగా పలకడం ముప్పయ్యేళ్ళలో ఆయన వినలేదు. గర్వపడ్డాడు, లోపలెక్కడో కుళ్ళుకున్నాడు కూడా.

తర్వాతి శనివారం షెడ్డు ఊడ్చి, పనిముట్లు తుడిచి పెట్టుకున్నాడు. ఫోన్ మోగింది.

"మావయ్యా, టైమింగ్ కొంచెం మార్చాల్సి వచ్చి ఇంట్లో కూర్చునే మార్చేసుకున్నా. రెండు నిమిషాల పని. ఇక వారం వారం నిన్ను ఇబ్బంది పెట్టను."

"నాకేం ఇబ్బందమ్మా, వస్తూ ఉండు" అన్నాడు.

మర్యాదకి అంటున్నాడనుకున్నట్టుంది ఆ పిల్ల. "పర్లేదులే మావయ్యా, ఇన్నాళ్ళూ చేసింది చాలు. హాయిగా రెస్ట్ తీసుకో" అని ఫోన్ పెట్టేసింది.

అప్పటికి పొద్దున్న ఎనిమిది కూడా కాలేదు.