ఆగేది ఎవరు

షోరూములో ఆ కారు వెనక తలుపు తీయగానే కొత్త గుడ్డ వాసన వచ్చింది. కొత్త కారు వాసన అని అందరూ మురిసిపోయేది దాన్నేనేమో. నాకు మాత్రం అప్పుడే మగ్గం దిగిన నూలు చీర మడత విప్పినట్టు అనిపించింది. నా చెయ్యి దానంతటదే సీటు అంచు మీదికి వెళ్ళింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆ గుడ్డని పట్టుకుని నలిపి చూశాను. అక్కడితో ఊరుకున్నానా అంటే అదీ లేదు. వేలు తడి చేసుకుని, ఎవరికీ కనపడని చోట సీటు మీద రుద్ది, రంగు అంటుకుందేమోనని వేలి కొస చూసుకున్నాను. సేల్స్ అతను కాసేపు నన్నూ నా వేలినీ చూసి, "మేడమ్, హైబ్రిడ్ ఎలా పనిచేస్తుందో చెప్పమంటారా?" అన్నాడు మర్యాదగా. మా ఆయన మొహం పక్కకి తిప్పుకున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నా ఈ అలవాటుకి ఆయన సిగ్గుపడటం మానలేదు, నేను ఆ అలవాటూ మానలేదు.

అది నాకు అంటించింది కోటేశ్వరమ్మగారు. మంగళగిరిలో చేనేత బట్టల కొట్టు నడిపేవారు. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ నేతపనివాళ్ళే. భర్త పోయాక కొట్టు బాధ్యత తన మీద వేసుకున్నారు. డిగ్రీ అయ్యాక నేను అక్కడ పనికి చేరి, పెళ్ళయి పటమట వచ్చాక కూడా రోజూ బస్సులో కృష్ణ దాటి వెళ్ళి పనిచేశాను. ఆవిడ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ నోట్లో వక్కపలుకుతో ఉండేవారు. నవ్వడం తక్కువ. ఆవిడ ముందు కొట్టులో పనిచేసే మేమెవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు, ఆవిడ లేనప్పుడు మాత్రం ఆవిడ గురించి తప్ప మరొకటి మాట్లాడేవాళ్ళం కాదు.

ఎవరైనా చీర నచ్చిందని చెప్పగానే వేరే కొట్టువాళ్ళయితే కవరులో పెట్టేస్తారు. కోటేశ్వరమ్మగారు అలా కాదు. చీర తీసుకుని ట్యూబులైటు కింద నుంచి గుమ్మం బయటికి వెళ్ళేవారు. "ఎండలో చూడండమ్మా. లోపల చూసిన రంగు రంగు కాదు" అనేవారు. తర్వాత చెంబులో నీళ్ళతో చీర లోపలి మూల తడిపి, తెల్లగుడ్డ ముక్క మీద రుద్ది చూపించేవారు. ముదురు రంగులు ఒక్కోసారి కాస్త దిగేవి. అలా దిగితే ఆ చీర ఇక అమ్మరు. అన్నీ బాగున్నా సరే, కొనేవాళ్ళ మొహంలో కొంచెం అనుమానం కనిపిస్తే చాలు, "ఇవాళ చూసుకెళ్ళండి. రేపటికీ ఇదే కావాలనిపిస్తే రండి" అనేవారు. మాకు ప్రాణం ఉసూరుమనేది. కష్టపడి బేరం కుదిర్చితే ఈవిడే గుమ్మం చూపిస్తున్నారేమిటని.

ఒకసారి ఉండబట్టలేక, "అమ్మగారూ, వాళ్ళు పక్క కొట్టుకే వెళ్తున్నారండీ, చూడండి" అన్నాను.

"వెళ్ళనీ. అక్కడ కూడా చూడాలిగా" అన్నారు ఆవిడ, చీర మడతపెడుతూ. "చూసుకోకుండా కొనుక్కెళ్తే ఇంటికెళ్ళాక కట్టుకున్నప్పుడల్లా మనల్నే తిట్టుకుంటారు. ఆ తిట్లు నీకు కావాలా?"

ఆగడం ఆవిడకి నేతపనిలోంచే వచ్చిందని నాకు తర్వాత అర్థమైంది. వానాకాలంలో మంగళగిరి వీధుల్లో పడుగులు చాపి గంజి పెట్టడానికి లేదు. నిలువు దారాలకి పట్టించిన గంజి ఎండకి ఆరాలి, ఆరితేనే మగ్గం మీదికి ఎక్కాలి. ముసురు పట్టిన రోజుల్లో పెళ్ళివాళ్ళు వచ్చి తొందరపెట్టేవారు. ఆవిడ కదిలేవారు కాదు. "ఎండ రానివ్వండి. ఆరని పడుగు నేస్తే తెగుద్ది. తెగినచోట ముడేస్తారు. ఆ ముడి మీ అమ్మాయి భుజం మీదికే వస్తుంది" అని చెప్పి పంపించేసేవారు. కాబట్టి ఏ వస్తువు దగ్గరైనా సరే, ఆగి చూడటమే తెలివని నేను గట్టిగా నమ్మాను. మా ఇంట్లో ఫ్రిజ్జూ, వాషింగ్ మెషీనూ అన్నీ అలా ఆగి ఆగి కొన్నవే. మా ఆయనకి ఆ విద్య నేనే నేర్పాను. ఆయన నన్ను మించిపోయారు.

అందుకే కారు విషయంలో ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు పెద్దగా లేదు. మాకున్నది పాత డీజిల్ కారు. స్టార్ట్ చేసి నిలబెడితే చాలు, డోరు హ్యాండిల్ దాకా వణుకుతుంది. మాకది అలవాటైపోయింది గానీ మా అత్తయ్యకి కాలేదు. అత్తయ్యది మైలవరం. అక్కడి బళ్ళో టీచరుగా పనిచేసి, అక్కడి చర్చిలో పాటలు మొదలుపెట్టి నడిపించిన మనిషి. మామయ్యగారు పోయాక మాతోనే ఉంటున్నారు. నెలకోసారి, రొట్టే ద్రాక్షరసమూ పంచే బల్ల ఆరాధన జరిగే ఆదివారం మాత్రం మైలవరం వెళ్ళాల్సిందే. తన గొంతు వినకపోతే అక్కడి ఆడవాళ్ళు పాట సగంలో వదిలేస్తారని ఆవిడ నమ్మకం. వెన్నుపూస అరిగిందని డాక్టరు చెప్పాక ఆ ప్రయాణం ఆగిపోయింది. బస్సు ఎక్కలేరు, ఆటో కుదుపు పడదు, మా కారులో బెంజి సర్కిల్ సిగ్నల్ దాటేలోపే నడుం పట్టుకుని కళ్ళు మూసుకునేవారు.

కారు మార్చాలని అందరం ఒప్పుకున్నాం. ఏది, ఎప్పుడు అన్నదే తేలలేదు. మా ఆయన రోజూ ఫోనులో వీడియోలు చూసేవారు. పూర్తి బ్యాటరీ కారైతే మేలు, కానీ మా అపార్ట్‌మెంటు సెల్లారులో చార్జింగ్ పాయింటు పెట్టుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు. హైబ్రిడ్‌కి ఆ బెడద లేదు, పెట్రోలు పోస్తే చాలు, బ్యాటరీ నడుస్తూనే నిండుతుంది, సిగ్నల్ దగ్గర ఇంజను ఆగిపోతుంది కాబట్టి వణుకుండదు. కానీ ధర ఎక్కువ. పైగా వచ్చే ఏడాది ఇంకా మంచి మోడల్ వస్తుందట. పన్ను కూడా తగ్గిస్తారేమోనని అంటున్నారట. "ఒక్క ఏడాది ఆగితే అన్నీ తేలిపోతాయి" అనేవారు ఆయన. వినడానికి అది అచ్చం కోటేశ్వరమ్మగారి మాటలాగే ఉండేది. నేను తలూపేదాన్ని.

షోరూము నుంచి వచ్చిన రాత్రి అన్నం తింటూ అత్తయ్య కూడా అదే అన్నారు. "నాకేం తొందర లేదు నాన్నా. వచ్చే ఏడే కొనుక్కోండి. నా కోసమని డబ్బులు పోసెయ్యొద్దు."

అమ్మయ్య, అందరూ ఒకే మాట మీద ఉన్నాం అనుకున్నాను. తర్వాతి ఆదివారం వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి అత్తయ్య ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. ఎదురుగా టీపాయ్ మీద ఫోను. మైలవరం చర్చిలో ఎవరో ఆరాధనని ఫోనులో చూపిస్తున్నారు. అక్కడ పాట మొదలైంది. అత్తయ్య పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు బయటికి రావడం లేదు. ఇది చాలా ఆదివారాలుగా జరుగుతున్నదే. ఆ రోజే ఎందుకో ఆ తెల్లచీర నాకు కోటేశ్వరమ్మగారి కొట్టులోని మరో తెల్లచీరని గుర్తుచేసింది.

నేను అక్కడ పనిచేసే రోజుల్లో ఒకావిడ వచ్చింది. వాళ్ళమ్మ జబ్బుపడి లేచిందట, తేలికపాటి తెల్లచీర కావాలంది. సన్నంచు చీర ఒకటి నచ్చింది. ఎండలో చూశాం, తడిపి చూశాం, అన్నీ అయ్యాయి. అంతలో మాలో ఎవరో, దసరా తర్వాత ఇంకా మెత్తటి నూలుతో నేసినవి వస్తాయని నోరుజారారు. ఆవిడ వెనక్కి తగ్గింది. "అయితే అప్పుడే తీసుకుంటానండీ. అమ్మకి అదే బాగుంటుందేమో" అంది. కోటేశ్వరమ్మగారు ఎప్పట్లాగే సరే, రండి అంటారని నేను చీర మడతపెట్టబోయాను. ఆవిడ నా చేతిమీద చెయ్యి వేసి ఆపారు.

"కట్టుకునేది ఎవరండీ?"

"మా అమ్మండీ. చెప్పాగా."

"ఇప్పుడేం కడుతున్నారు?"

"పాతవేనండీ. బరువుగా ఉన్నాయంటోంది, ఏం చేస్తాం."

"మరి ఆగేది మీరు కాదుగా, ఆవిడ" అన్నారు కోటేశ్వరమ్మగారు. చీర కవరులో పెట్టి ఆవిడ చేతికిచ్చారు. "ఇది తీసుకెళ్ళండి. ఆ మెత్తటివి వచ్చాక అప్పుడు చూద్దాం."

ఆవిడ వెళ్ళాక నేను అడగకుండా ఉండలేకపోయాను. "అందర్నీ రేపు రమ్మంటారు కదండీ, ఈవిణ్ణేంటి పట్టుబట్టి పంపించారు?"

కోటేశ్వరమ్మగారు వక్కపలుకు నోట్లో వేసుకుని, విసుగ్గానే చెప్పారు. "తను కట్టుకోడానికి కొనే మనిషి ఎన్నాళ్ళైనా ఆలోచించుకోవచ్చు. ఇంకోళ్ళకి కొనేటప్పుడు మనం ఆలోచిస్తూ ఉంటాం, వాళ్ళు కూర్చుని ఉంటారు. అదీ ఇదీ ఒకటేంటి?"

ఆ తల్లి ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదేమో, అందుకే ఈ కథ చెబుతున్నానేమో అనుకుంటారు మీరు. అదేం కాదు. కొన్నేళ్ళకి ఆ కూతురే మళ్ళీ కొట్టుకి వచ్చింది. "అమ్మ ఆ చీర వదిలిపెట్టలేదండీ. కట్టీ కట్టీ భుజం దగ్గర చిరిగిపోయింది. అలాంటిదే ఇంకోటి కావాలి" అంది.

"చిరిగిందా?" అన్నారు కోటేశ్వరమ్మగారు. చిరిగిపోయిందని కొన్నవాళ్ళే వచ్చి చెబితే ఏ వ్యాపారస్తుడికైనా గుండెల్లో రాయి పడుతుంది. ఆవిడ మొహం మాత్రం విప్పారింది. "మంచిది" అన్నారు. ఆవిడ నవ్వగా నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఫోటోలో ఉన్న మొహం కంటే ఆ మొహమే నాకు బాగా గుర్తు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఆయన్ని బాల్కనీలోకి పిలిచి అడిగాను. "ఏడాది ఆగుదామంటున్నారు కదా, ఆగేది ఎవరండీ?"

ఆయనకి కోపం వచ్చింది. "అంటే ఏంటి, నేను మా అమ్మ గురించి ఆలోచించట్లేదంటావా?"

"ఆలోచిస్తున్నారండీ. మీరూ ఆలోచిస్తున్నారు, నేనూ ఆలోచిస్తున్నాను. ఆవిడ కూర్చుని ఉన్నారు" అన్నాను. హాల్లో అత్తయ్య ఇంకా ఆ చీర మార్చుకోలేదు. ఆయన అటు చూశారు.

మర్నాడు షోరూముకి ఫోన్ చేసి, టెస్ట్ డ్రైవ్ మైలవరం రోడ్డు మీద కావాలని అడిగాను. ఇక్కడే బందరు రోడ్డు మీద ఓ చుట్టు తిరిగి రావడమేనండీ అన్నాడు సేల్స్ అతను. నున్నటి రోడ్డు మీద చూడటమంటే ట్యూబులైటు కింద చీర చూడటమేనని అతనికి ఎలా చెప్పను? బతిమాలి, మేనేజరుతో మాట్లాడి ఒప్పించాను. అత్తయ్యని వెనక సీట్లో కూర్చోబెట్టాం. కారు కదిలాక కూడా ఆవిడ, "ఇంకా స్టార్ట్ చెయ్యలేదేంటి నాన్నా?" అని అడిగారు. బెంజి సర్కిల్ దగ్గర ఎర్రలైటు పడింది. ఇంజను చప్పుడు లేదు, వణుకు లేదు. తలుపు పట్టుకున్న ఆవిడ చెయ్యి మెల్లిగా వదులై ఒళ్ళోకి వచ్చింది. ఇబ్రహీంపట్నం దాటాక గోతులొచ్చిన చోట మాత్రం మొహం చిట్లించారు. గోతుల్ని ఏ కారూ పూడ్చదు కదా. కొండపల్లి దగ్గర వెనక్కి తిరుగుతుంటే ఆవిడ కిటికీలోంచి మైలవరం వైపు చూస్తూ, "ఇంకెంతో దూరం లేదు" అన్నారు.

మా ఆయన ఆ రోజే బుక్ చేశారు. తీరా చేశాక, కొన్ని నెలలు పడుతుందండీ, ఆగాలి అన్నారు షోరూమువాళ్ళు. మా ఇద్దరికీ నవ్వొచ్చింది. అత్తయ్య మాత్రం ఏమీ అనుకోలేదు. చర్చిలో ఆడవాళ్ళకి ఫోన్ చేసి, కారు వస్తోంది, నేనొస్తున్నాను, పాటలు సాధన చేసుకోండి అని హుకుం జారీ చేశారు.

కారు ఇంటికొచ్చి ఇప్పుడు ఏడాది తిరిగింది. మా ఆయన చెప్పినవన్నీ నిజమయ్యాయి. కొత్త మోడల్ వచ్చింది, మాదాని కంటే బాగుంది, ధర కూడా తక్కువే. సెల్లారులో చార్జింగ్‌కి అసోసియేషన్ ఒప్పుకుంది. మొన్న ఆదివారం అత్తయ్యని మైలవరం తీసుకెళ్దామని కిందికి దిగుతూ ఆయన ఆ సంగతే చెబుతున్నారు, కాస్త దిగులుగానే. చెబుతూ కారు వెనక తలుపు తీసి ఆగిపోయారు. అత్తయ్య ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెయ్యి ఆనించుకునే చోట సీటు అంచు నూగు లేచింది, రంగు కూడా కొంచెం పోయింది. షోరూములో నేను వేలు తడిపి రుద్ది చూసింది ఇలాంటి సీటునే.

"చూశావా, అప్పుడే అరిగిపోయింది. కవరు వేయిద్దామా?" అన్నారు.

వెనక నుంచి అత్తయ్య తెల్లచీర కుచ్చిళ్ళు సవరించుకుంటూ, ఏదో పాట కూనిరాగం తీస్తూ వస్తున్నారు. నేను వంగి ఆ అంచుని వేళ్ళతో పట్టుకుని చూశాను.

"అరిగిందా?" అన్నాను. "మంచిది."